లాభంతో మొదలయ్యే లెక్క

నేను మూడున్నరేళ్లు దుబాయ్‌లో యూదుల పిల్లలకు హీబ్రూ అక్షరాలు నేర్పాను. ఈ మాట చెప్పగానే మా ఊళ్లో సగంమంది నవ్వుతారు, మిగతా సగం నీకెట్లా వచ్చురా అని నిలదీస్తారు. నవ్వేవాళ్లకు నేను ఎప్పుడూ జవాబు చెప్పలేదు. నిలదీసేవాళ్లకు చెప్పడం మానేశాను. మీరు చిన్నవాళ్లు, ఇంకా ఉద్యోగాల్లో కుదురుకుంటున్నవాళ్లు, ఎవరు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటున్నవాళ్లు. మీకు మాత్రం ఒక రోజు సంగతి చెప్పాలి.

మాది తెనాలి అవతల, ఊరికి ఎడంగా ఉండే పేట. ఆ పేటలో కొన్ని కుటుంబాలవాళ్లం యూదుల ఆచారాలు పాటిస్తాం. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపం పెడతాం, శనివారం పనికి పోము, మగపిల్లవాడు పుడితే ఎనిమిదో రోజున సున్తీ చేయిస్తాం. మా పెద్దలు ఎక్కడి నుంచి ఎట్లా వచ్చారో మాకు కథ ఉంది, కాగితం లేదు. మా నాన్నకు హీబ్రూ ఒక పెద్దాయన నేర్పాడు. నాన్న నాకు పలక మీద నేర్పాడు. బళ్లో ఎడమ నుంచి కుడికి, ఇంట్లో కుడి నుంచి ఎడమకు రాసేవాణ్ణి. రెండు చోట్లా దెబ్బలు తిన్నాను.

గల్ఫ్‌కు వచ్చాక ఆ అక్షరాలతో నాకేం పని? దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో అల్యూమినియం ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌గా పద్దెనిమిదేళ్లు చేశాను. అన్నేళ్లూ కరామాలో బెడ్‌స్పేస్, అంటే నలుగురున్న గదిలో ఒక మంచం మాత్రం అద్దెకు. పక్క మంచం కడప జిల్లా ముస్లిం, డెలివరీ పికప్ నడిపేవాడు. శుక్రవారం సాయంత్రం నేను అట్టపెట్టె చాటున కొవ్వొత్తి వెలిగించుకుంటుంటే చాలాకాలం కరెంటు పోతుందేమోనని ముందుజాగ్రత్త అనుకున్నాడట. 2020లో కరోనా వచ్చి ఫ్యాక్టరీ సగం మూశారు. ముదీర్, అంటే మేనేజరు, మమ్మల్ని వరసగా నిలబెట్టి ఖలాస్, ఇక అయిపోయింది అన్నాడు.

ఆ ఏడాది చివర్లోనే యూదులు ఆ దేశంలో బాహాటంగా ప్రార్థనలు చేసుకోవడం మొదలుపెట్టారు. కొన్ని కుటుంబాలు కలిసి ఒక విల్లా అద్దెకు తీసుకుని ఆదివారం సాయంత్రాలు పిల్లలకు మతబడి పెట్టాయి. నేను అక్కడ కేర్‌టేకర్‌గా చేరాను. కుర్చీలు వేయడం, జెరాక్సులు తీయడం, పిల్లలు పారబోసిన జ్యూసు తుడవడం నా పని. నేనెవరో చెప్పలేదు. చెబితే నమ్మరనీ తెలుసు, నవ్వుతారనీ తెలుసు.

ఒక పిల్ల చేతిలోంచి ప్రార్థన పుస్తకం జారి కింద పడింది. నేను తీసి, దుమ్ము తుడిచి, ముద్దు పెట్టుకుని బల్ల మీద పెట్టాను. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి అంతే, పడిన పుస్తకాన్ని ముద్దు పెట్టుకోకుండా పైన పెట్టం. తలుపు దగ్గర నిలబడ్డ రబ్బీ అది చూశారు. రబ్బీ అంటే వాళ్ల మతగురువు, ఆ బడికి పెద్ద. నలభై ఏళ్లుంటాయి, ఎర్రగడ్డం, మెత్తని మనిషి.

“ఇదెక్కడ నేర్చుకున్నావు?” అన్నారు.

“మా నాన్న దగ్గర.”

ఆ పుస్తకమే తెరిచి చేతికిచ్చారు. ఒక పేజీ చదివాను. మా నాన్న రాగంలోనే చదివాను, నాకు వేరే రాగం రాదు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ తరవాత అడగాల్సిందే అడిగారు. “నువ్వు యూదుడివని మత న్యాయస్థానం ఇచ్చిన కాగితం ఉందా?”

నెలలో వస్తుందన్నాను. ఏ నెలో చెప్పలేదు.

కొత్త ఏడాదిలో, చిన్న క్లాసు చెప్పే టీచరమ్మ సెలవుకు ఊరెళ్లి విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నప్పుడు, ఆ క్లాసు నాకు అప్పజెప్పారు. ఒక షరతు మీద. అక్షరాలు నేర్పవచ్చు, పండగల కథలు చెప్పవచ్చు. కానీ సామూహిక ప్రార్థన జరగాలంటే పదిమంది యూదు మగవాళ్లు ఉండాలి, కాగితం వచ్చేదాకా నేను ఆ పదిలోకి రాను. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వెనక, జెరాక్స్ మిషన్ పక్కన, నా కుర్చీ. సరే సార్ అన్నాను. ఈ కథలో మొదటి తప్పు ఆ సరే.

రెండో తప్పు పార్కులో చేశాను. టీచరమ్మ తిరిగి వచ్చి పెద్ద క్లాసు తీసుకుంది, చిన్న క్లాసు నాకే ఉంచారు. ఒకసారి ఇద్దరం కలిసి పిల్లల్ని పార్కుకు తీసుకెళ్లాం. బస్సెక్కిస్తూ అలవాటు కొద్దీ వేలు చూపించి వన్, టూ, త్రీ అని లెక్కపెట్టాను. ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. యూదులు మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టరు. ప్రార్థనలోంచి పది మాటలున్న వాక్యం ఒకటి తీసుకుని, తలకో మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు. నాకు తెలియక కాదు. మా పేటలోనూ పసివాళ్లను వేలుపెట్టి లెక్కపెడితే దిష్టి అని కొట్టేవాళ్లు. పద్దెనిమిదేళ్లు ఫ్యాక్టరీలో కూలీల్నీ బస్తాల్నీ ఒకే వేలితో లెక్కపెట్టి మరిచిపోయాను. సిగ్గేసింది.

ఆ వాక్యం పదితో అయిపోతుంది, నా దగ్గర పదహారుమంది పిల్లలు. అప్పుడు మా అమ్మ వడ్లు కొలవడం గుర్తుకొచ్చింది. మొదటి కుంచం ఒకటి అనేది కాదు, లాభం అనేది. లాభం, రెండు, మూడు. ఆ లెక్కే పిల్లలకు నేర్పాను. ఒకటో మనిషి ఒకటి కాదర్రా, లాభం; వాడు వచ్చాడు కాబట్టే మిగతా లెక్క అన్నాను. అది వాళ్లకు ఎంత నచ్చిందంటే మెట్లూ లాభంతోనే లెక్కపెట్టారు, బిస్కెట్లూ లాభంతోనే లెక్కపెట్టారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన పిల్లలు, అర్జెంటీనా నుంచి వచ్చిన పిల్లలు, అందరూ నన్ను మాస్టార్ అనేవాళ్లు. రబ్బీ విని ఊరుకున్నారు. అంకెలు కావు కదా, కనీసం హీబ్రూ అంకెలు కావు కదా అనుకున్నారేమో.

ఒక తండ్రి మాత్రం ఊరుకోలేదు. విమానాల కంపెనీలో ఇంజనీరు. ఆయన కొడుకు తొమ్మిదేళ్లప్పుడు ఒక్క అక్షరం తెలియకుండా నా దగ్గరికి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి గడగడా చదివాడు, మా నాన్న రాగంలో. తండ్రి బడికొచ్చి, “మా వంశంలో ఎవరూ ఇట్లా సాగదీసి చదవలేదు. ఇది ఏ దేశం యాస?” అన్నారు.

“తెనాలి యాస సార్” అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. రబ్బీకి నవ్వొచ్చింది, దగ్గుతో కప్పిపుచ్చుకున్నారు.

2023 చివర్లో యూదుల దేశంలో యుద్ధం మొదలయ్యాక మా బడి చిక్కిపోయింది. కొన్ని కుటుంబాలు వెళ్లిపోయాయి. ఉన్నవాళ్లు పిల్లల ప్రార్థన టోపీలు సంచిలో దాచి తెచ్చి లోపలికొచ్చాక పెట్టేవాళ్లు. నా రూమ్‌లోనూ గాలి మారింది. కొత్తగా చేరినవాడొకడు నా మంచం వైపు చూస్తూ ఏదో అన్నాడు. కడప తమ్ముడు చేతిలో గ్లాసు కింద పెట్టి, “యో, ఆ అన్న ఇరవై ఏండ్ల నుంచి నా పక్కనే పండుకుంటాండాడు. నీకేమన్నా ఇబ్బందుంటే నువ్వు ఎల్లిపో, ఆ కొసాన ఫుజైరాలో గదులు శానా ఉండాయి” అన్నాడు. ఆ తరవాత ఆ గదిలో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు.

ఇంజనీరుగారి కుటుంబం కూడా దేశం వదిలిపోవడానికి సిద్ధమైంది. కానీ అబ్బాయికి ఏప్రిల్లో పదమూడు నిండుతాయి. యూదులకు పదమూడు నిండిన మగపిల్లవాడు పెద్దవాడితో సమానం, పదిమందిలో ఒకడు. ఆ సందర్భంలో పదిమంది ముందు తోరా అనే ధర్మగ్రంథపు తోలు చుట్ట తెరిచి ఆ వారానికి వంతు వచ్చిన భాగం చదవాలి. గురువారం ఉదయం విల్లాలోనే పెట్టుకున్నారు. ఆదివారం వాళ్ల ప్రయాణం. శనివారం చేద్దామంటే ఆ రోజు ఎవరూ బండెక్కరు, నడిచి రాగలిగేవాళ్లు లేరు. మామూలు రోజుల్లో తోరా చదివేది సోమ, గురువారాల్లోనే. అందుకని ఆ గురువారమే, అదొక్కటే. ఏడాది పాటు వాడికి ఆ భాగం నేనే నేర్పాను. వాడికో జబ్బు ఉంది, భయమేస్తే వేగం పెంచుతాడు. బల్ల మీద వేలితో తాళం వేస్తూ కూర్చునేవాణ్ణి, ఆ తాళం దాటి వాణ్ణి పోనిచ్చేవాణ్ణి కాదు.

మంగళవారం వాన పడింది. 2024 ఏప్రిల్లో దుబాయ్‌లో ఉన్నవాళ్లకు ఆ వాన గురించి చెప్పక్కర్లేదు. ఎడారికి ఏం కోపం వచ్చిందో ఒక్క రోజులో ఊరంతా చెరువైంది. ఎయిర్‌పోర్టులో విమానాలు నీళ్లలో నిలబడ్డాయి. అబ్బాయి తాతగారు బయలుదేరిన చోటే ఆగిపోయారు. గురువారం పొద్దున కూడా రోడ్ల మీద కార్లు వదిలేసి ఉన్నాయి.

“నడిచి పోతావా ఏందన్నా, ఈదుకుంటా పోతావా?” అన్నాడు కడప తమ్ముడు. “పా, బండి ఎత్తుగా ఉండాది, నేను దింపుతా. యల్లా.”

రెండు గంటలు పట్టింది. ఒకచోట తనే దిగి మోకాలి లోతు నీళ్లలో ముందు నడిచి దారి చూసొచ్చాడు.

తొమ్మిదిన్నరకు విల్లాలో రబ్బీ, తండ్రి, అబ్బాయి, ఇంకో ఆరుగురు. తొమ్మిదిమంది. ఆడవాళ్లు పక్కన. వెనక కుర్చీలో నేను. తలుపు దగ్గర తడిసిన ప్యాంటుతో కడప తమ్ముడు. ముప్ఫైమంది రావలసినచోట తొమ్మిదిమంది. ఫోన్లు చేశారు. ఒకరి కారు మునిగింది, ఒకరిది వీధే మునిగింది. ఒకాయన మాత్రం నడుస్తున్నానన్నారు, ఎక్కడున్నారో ఆయనకే తెలియదు, తరవాత ఫోనూ కలవలేదు. పదిన్నర అయింది. అబ్బాయి పెదాలు కదులుతున్నాయి, లోలోపల చదువుకుంటున్నాడు, వేగం పెరుగుతోందని నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది.

తండ్రి లేచారు. నావైపు చెయ్యి చూపించి రబ్బీతో, “పదోవాడు ఉన్నాడుగా! మాస్టర్‌ని లెక్కలో వేయండి. ఇవాళ్టికి. ఎవరు చూస్తారు?” అన్నారు.

నా చదువు ఏ దేశం యాస అని అడిగిన పెద్దమనిషి. అవసరం వచ్చేసరికి నేను అన్ని దేశాలవాణ్ణీ అయ్యాను.

రబ్బీ గడియారం చూశారు, తలుపు చూశారు. ఆయన మోసగాడు కాడు, అందుకే ఆయనకు కష్టం. చివరికి నా దగ్గరికి వచ్చి, “అత్యవసరం. ఇవాళ ఒక్కరోజుకు నేను కళ్లు మూసుకుంటే, నీకు అభ్యంతరం లేదు కదా?” అన్నారు.

మూడేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను, మీకు అబద్ధం చెప్పను. లెక్కలోకి రా అంటే పరుగెత్తుకెళ్లి కూర్చుందామనుకున్నాను. తీరా వచ్చేసరికి అది కళ్లు మూసుకుని చేసే లెక్కగా వచ్చింది. ఒళ్లు మండింది.

“సార్, ఇవాళ నేను లెక్కకొస్తే మొన్న ఆదివారం కూడా లెక్కకు రావాలి. వచ్చే ఆదివారమూ రావాలి. రేపటికి మాటివ్వగలరా?”

“ఇవ్వలేను” అన్నారు. “కాగితం రాకుండా ఇవ్వలేను. నీకు తెలుసు.”

“అయితే ఇవాళ కూడా వద్దు. వాన పడితే యూదుణ్ణి, ఎండ కాస్తే జెరాక్సు తీసేవాణ్ణి, అట్లా నేనుండలేను.”

 అబ్బాయి తల్లి చేతుల్లో మొహం పెట్టుకుంది. తండ్రి ఏదో అనబోయారు, రబ్బీ చెయ్యి అడ్డం పెట్టారు. నాకు నా మాట మీద పశ్చాత్తాపం లేదు, ఈ రోజుకీ లేదు. కానీ అబ్బాయి నావైపు చూశాడు. వాడు తోరా వైపు చూడలేదు, తండ్రి వైపు చూడలేదు. తాళం ఆగిపోయిందేం అన్నట్టు నా వేలివైపు చూశాడు. నా పౌరుషానికి వాడి ఏడాది కష్టం ఎందుకు బలి కావాలి? 

లేచి నిలబడ్డాను. బల్ల మీద హాజరుపట్టీ తీశాను.

“ప్రార్థనకు పదిమంది కావాలి. అది మీ లెక్క, నేను వేలు పెట్టను. ఇది మాత్రం నా క్లాస్‌రూమ్. నా క్లాసుకు ఒక్కడు చాలు. తోరా చుట్ట బీరువాలోనే ఉండనివ్వండి, వీడు అచ్చు పుస్తకంలో చదువుతాడు. దీవెన వాక్యాలు చెప్పొద్దు, ఇది పాఠం. వినేవాళ్లు కూర్చోండి. నా క్లాసులో ఎవరూ నిలబడరు.”

అవి ఆరేళ్ల పిల్లల ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ముందుగా కూర్చున్నది రబ్బీ. మోకాళ్లు గడ్డాన్ని తాకుతున్నాయి. ఆయన కూర్చున్నాక మిగతావాళ్లకు తప్పలేదు. ఇంజనీరుగారు చివరికి కూర్చున్నారు. తలుపు దగ్గరున్న కడప తమ్ముణ్ణి కూడా, “నువ్వూ కూర్చో” అన్నాను.

“నాకెందుకన్నా, నాకు నా అరబ్బీ అలీఫ్ బే వచ్చు గదా!” అంటూనే ఒక కుర్చీ లాక్కున్నాడు.

అబ్బాయి మొదలుపెట్టాడు. నేను బల్ల మీద వేలితో తాళం వేశాను. ఆ వారం భాగం ఏమిటంటే, ఒంటి మీద మచ్చలొచ్చి, అశుద్ధుడని గుడారాల బయట ఉంచేసిన మనిషి గురించి. అతడి ఒళ్లు బాగైతే యాజకుడు, అంటే పూజారి, మళ్లీ లోపలికి ఎట్లా తీసుకోవాలన్నది ఆ పాఠం. ఊరికి ఎడంగా పేటలో పుట్టినవాణ్ణి, ఏడాదిగా ఆ పాఠం చెబుతూ ఏ రోజూ నా సంగతి అనుకోలేదు. ఎప్పుడూ ఆపేచోటే వాణ్ణి ఆపాను. క్లాసును ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను.

“బయట ఉన్న మనిషి నయమయ్యాడని తేల్చాలి. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లాలి?”

 అబ్బాయికి తెలుసు, కానీ వాడు చెప్పకూడదని నోరు బిగించుకున్నాడు. రబ్బీ ఆ చిన్న కుర్చీలోంచి పిల్లవాడిలాగా చెయ్యెత్తారు.

“చెప్పండి” అన్నాను.

“యాజకుడే గుడారాలు దాటి బయటికి వెళ్లాలి” అన్నారు. ఆగి, నేల వైపు చూస్తూ మళ్లీ అన్నారు. “వాణ్ణి రమ్మనకూడదు. తనే వెళ్లాలి.”

“కరెక్ట్” అన్నాను. టీచరు ఇంకేమంటాడు?

అబ్బాయి చివరిదాకా చదివాడు. ఒక్క మాట తప్పలేదు, ఒక్కచోట వేగం పెంచలేదు. తండ్రి ఏడ్చారు. తెనాలి యాసలో చదివితే ఏడుపు రాదని ఎవరన్నారు?

పదకొండున్నరకు తలుపు తోసుకుని ఆ నడిచొచ్చే మనిషి వచ్చారు, నడుం దాకా బురద, చేతిలో బూట్లు. అందరూ కేకేశారు. ఆయనతో పదిమంది అయ్యారు, నేను లేకుండా. మతచట్టానికి ఇక నాతో పనిలేదు. తోరా తీయవచ్చు, దీవెన చెప్పవచ్చు, వాడు మళ్లీ చదవవచ్చు. సంతోషించాను, వాడి కోసం. నా కోసం ఏమనుకున్నానో చెప్పను. హాజరుపట్టీ బల్ల మీద పెట్టి వెనక్కి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

రబ్బీ బీరువా తెరవబోతూ ఆగారు. పదిమందీ ఉన్నారో లేదో లెక్క చూడమని అబ్బాయికి చెప్పారు. పెద్దవాడయ్యాడు కదా, వాడి మొదటి పని.

వాడు గది మధ్యలో నిలబడ్డాడు. ముందు వరస నుంచి మొదలుపెట్టలేదు. తిన్నగా జెరాక్స్ మిషన్ వైపు తిరిగి, చేయి చాచి, అరచేయి తెరిచి నన్ను చూపించాడు.

“లాభం.”

అక్కణ్ణుంచి రబ్బీ, “రెండు.” తండ్రి, “మూడు.” అట్లా బురద కాళ్ల మనిషి దాకా, చివరికి తన గుండె మీద చెయ్యి వేసుకుని, “పదకొండు.”

“పదిమంది చాలు” అన్నారు తండ్రి మెల్లగా. “మొదటిది తీసేయి.”

“తీయకూడదు నాన్నా” అన్నాడు. “మాస్టార్ లెక్క రెండుతో మొదలవ్వదు.”

రబ్బీ వాణ్ణి సరిదిద్దలేదు. అవునన్నారా, కాదన్నారా అని మీరు అడుగుతారు. ఏమీ అనలేదు, బీరువా తెరిచారు. నా కాగితం ఆ నెల రాలేదు, నేను ఆ ఉద్యోగం మానేసేదాకా రాలేదు, ఇంతవరకూ రాలేదు. వస్తే మంచిదే, పెట్టెలో పెట్టుకుంటాను.

తోరా బయటికి తీస్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఎవరో జరిగి నాకు చోటిచ్చారు. నేను వెళ్లలేదు. నా కుర్చీ దగ్గరే నిలబడ్డాను. ఆ రోజు లెక్క మొదలైంది అక్కణ్ణుంచే కదా.